తొమ్మిదవ అంతస్తుకు చేరని హెచ్చరిక

1911 మార్చి 25న న్యూయార్కులో, బ్లౌజులు కుట్టే ట్రయాంగిల్ కర్మాగారం ఎనిమిదవ అంతస్తులో నిప్పంటుకుంది. పదవ అంతస్తులోని కార్యాలయానికి టెలిఫోనులో హెచ్చరిక అందడంతో యజమానులు పైకప్పు మీదుగా బయటపడ్డారు. తొమ్మిదవ అంతస్తుకు ఆ హెచ్చరిక చేరలేదు. అక్కడి ఒక తలుపుకు తాళం వేసి ఉంది. మృతులు 146 మంది. తాళం సంగతి యజమానులకు తెలుసునని రుజువు కాలేదని జ్యూరీ వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది.

అయితే చర్చ తాళం దగ్గరే ఆగిపోవడం సరికాదు. స్త్రీల కోట్ల పరిశ్రమలో 1910 నాటి సమ్మె ఒప్పందంతో ఏర్పడిన ఉమ్మడి పారిశుద్ధ్య మండలి అప్పటికే ఆ నగరంలో పనిచేస్తోంది. యజమానులు, కార్మిక సంఘాలు, పౌర ప్రతినిధులు అందులో సభ్యులు. అగ్నిప్రమాద మార్గాలను సైతం అది తనిఖీ చేసేది. 1909 సమ్మె తరువాత కూడా సంఘాన్ని గుర్తించని ట్రయాంగిల్ ఆ పరిధికి వెలుపలే మిగిలింది. తరువాత రాష్ట్ర విచారణ సంఘం తన పరిశోధనకు పిలిచింది ఆ మండలిని నడిపిన డాక్టర్ జార్జ్ ప్రైస్‌నే.