పుదుచ్చేరి తొలి ప్రభుత్వం: ఇంటా బయటా చిక్కులు

1954 మార్చి 31న నెట్టపాక్కం అనే ఊళ్లో ఎడ్వార్డ్ గూబర్, ముత్తుపిళ్ళై భారత జెండా ఎగరేసి, ఫ్రెంచి ఇండియా విమోచనకు తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు చేశారు. పుదుచ్చేరి గడ్డ మీద ఫ్రెంచివారి ప్రమేయం లేకుండా పుట్టిన మొదటి ప్రభుత్వం అది. దాని చేతిలో ఖజానా లేదు, సైన్యం లేదు. రాజధాని పట్టణంలో ఫ్రెంచి కమిషనర్ ఇంకా కొలువై ఉన్నాడు. అయినా అది నిలబడిందంటే ముఖ్య కారణం భూగోళమే. పుదుచ్చేరి ప్రాంతం ఒకే ముక్కగా లేదు. మధ్యమధ్య భారత భూభాగం చొచ్చుకొచ్చి, పొలాల నడుమ ద్వీపాల్లా చీలిపోయి ఉంది. నెట్టపాక్కం చేరాలంటే ఫ్రెంచి పోలీసులు భారత నేల దాటాలి. సాయుధులైన పోలీసులను భారత ప్రభుత్వం దాటనివ్వలేదు.

గూబర్ పాత విప్లవకారుడేమీ కాదు. 1951లో ఫ్రెంచి పార్లమెంటుకు ప్రతినిధిగా వెళ్ళినవాడు, ఏళ్ళ తరబడి ఫ్రాన్సు పక్షాన నిలిచిన సోషలిస్టు నాయకుడు. 1954 మార్చిలో ఆయన వర్గం జనాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండానే విలీనం కావాలని తీర్మానించడంతో ఫ్రెంచి పాలన కింద నేల కదిలింది. మిల్లు కార్మికులను కూడగట్టిన కమ్యూనిస్టు నేత వి. సుబ్బయ్య వర్గం అంతకుముందు నుంచే పోరాటంలో ఉంది. ఆ కార్మికులపై 1936 జులై 30న జరిగిన కాల్పుల్లో 12 మంది చనిపోయిన సంగతి పట్టణం మరిచిపోలేదు. ఒకరినొకరు నమ్మని ఈ రెండు పక్షాలూ ఒకే గమ్యానికి చేరాయి. తొలి ప్రభుత్వాల అస్థిరతకు బీజం ఇక్కడే ఉంది.

తెలుగు గడ్డ మీది యానాం కథ ఇంకా వేడిగా నడిచింది. ఫ్రెంచి పోలీసు శాఖలో ఉద్యోగం చేసి, దాన్ని వదిలి విమోచనోద్యమంలోకి వచ్చిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో కార్యకర్తలు 1954 జూన్ 13న యానాంలోకి ప్రవేశించి పాలనను స్వాధీనం చేసుకున్నారు. తొలి రోజుల్లో అక్కడి వ్యవహారాలు దడాల చేతిమీదుగానే నడిచాయి. పుదుచ్చేరి నుంచి 800 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరు నవంబరు దాకా ఫ్రాన్సుకు చెందక, భారతదేశంలో ఇంకా కలవక, మధ్యలో ఉండిపోయింది. జులైలో మాహే కూడా ఫ్రెంచివారి చేయి దాటింది.

బయటి ప్రపంచం కూడా అదే సమయంలో మారుతోంది. మే నెలలో దియెన్ బియెన్ ఫూ పతనమైంది. ఇండోచైనాలో ఓడిన ఫ్రాన్సుకు భారత తీరాల్లోని నాలుగు చిన్న స్థావరాల కోసం భారతదేశంతో తగవు పెట్టుకునే ఓపిక లేదు. జూన్‌లో ప్రధాని అయిన మెండెస్ ఫ్రాన్స్ గౌరవప్రదంగా తప్పుకునే దారి వెతికాడు. అక్టోబరు 18న కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు సమావేశమయ్యారు. 178 మందిలో 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా ఓటేశారు. అక్టోబరు 21న ఢిల్లీలో ఒప్పందం కుదిరింది. నవంబరు 1న పాలన చేతులు మారింది. భారత కాన్సల్ జనరల్‌గా ఉన్న కేవల్ సింగ్ మొదటి చీఫ్ కమిషనర్ అయ్యాడు.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. పాలన వచ్చింది గాని చట్టరీత్యా హక్కు రాలేదు. 1956 మే 28న అప్పగింత ఒడంబడిక మీద సంతకాలు జరిగినా, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం తెలిపే దాకా అది అమల్లోకి రాదు. ఆ ఆమోదానికి ఆరేళ్ళు పట్టింది. అల్జీరియా యుద్ధం మంటల్లో ఉండగా మరో భూభాగాన్ని వదులుకునే తీర్మానం పెట్టడానికి పారిస్‌లో ఏ ప్రభుత్వమూ సాహసించలేదు. ఆఫ్రికా తీరంలోని యుద్ధం పుదుచ్చేరి కచేరీల్లోని కాగితాలను ఆపేసింది.

దీని ఫలితం ఎంత విచిత్రంగా ఉందో ఒక బస్సు పర్మిట్ తగాదాలో బయటపడింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు, పుదుచ్చేరి భారత భూభాగమా కాదా అని న్యాయస్థానం కేంద్రాన్నే అడగాల్సి వచ్చింది. ఇంకా కాదన్నదే జవాబు. విదేశీ అధికార పరిధి చట్టం కింద అక్కడ పాలన సాగుతోంది. వీధిలో భారత జెండా, జేబులో భారత రూపాయి, అయినా రాజ్యాంగం దృష్టిలో ఆ ఊరు బయటే.

ఇలాంటి స్థితిలో ప్రజలెన్నుకున్న సభకు బలం ఎక్కడిది? 1955 ఎన్నికలతో 39 మంది సభ్యుల ప్రతినిధి సభ ఏర్పడింది. ప్రభుత్వ సలహాదారులుగా కౌన్సిలర్లు ఉన్నా చివరి మాట చీఫ్ కమిషనర్‌దే. పైగా ఫిరాయింపులు, వర్గపోరు. 1958లో సభ రద్దయింది. 1959లో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. బాధ్యత పూర్తిగా అప్పగించకుండా ప్రతినిధులను నిలకడ లేనివారని తప్పుపట్టడం సమంజసం కాదు.

పాలన మారినా జనం కళ్ళెదుట కొన్ని పాతవి అలాగే ఉంచాలన్న ఎరుక మాత్రం కొత్త అధికారులకు ఉంది. పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం ఏటికవతల ఉన్న మత్స్యకారుల ఊరు వీరాంపట్టినంలో ఇది బాగా కనబడుతుంది. ఆడి మాసంలో ఐదో శుక్రవారం సెంగళునీర్ అమ్మన్ రథోత్సవానికి ఫ్రెంచి గవర్నర్ వచ్చి తాడు పట్టి రథం లాగడం ఆనవాయితీ. ఫ్రెంచివారు వెళ్ళిపోయాక ఆ తాడు భారత ప్రభుత్వ ప్రతినిధి చేతికొచ్చింది; నేటికీ లెఫ్టినెంట్ గవర్నర్లే రథాన్ని కదిలిస్తారు.  

1962లో అల్జీరియా స్వతంత్రమైన వేసవికి పారిస్‌లో అడ్డు తొలగింది. ఆగస్టు 16న ఒడంబడిక అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి జాతీయతను ఎంచుకోవడానికి స్థానికులకు ఆరు నెలల గడువిచ్చారు. సుమారు 5 వేల మంది ఎంచుకున్నారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకునే కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. ఒకే వీధిలో రెండు దేశాల పౌరులు, ఒకే ఇంటి ఆస్తి మీద రెండు న్యాయ సంప్రదాయాలు. ఫ్రెంచి సివిల్ కోడ్ స్థానంలో భారత చట్టాలను విస్తరింపజేయడం, అప్పీళ్లను మద్రాసు హైకోర్టుకు మళ్ళించడం 1962, 1963లలో చకచకా జరిగిపోయాయి. అయితే పాత హక్కులను కాపాడుతూ పోవడం వల్ల న్యాయవాదులకు ఫ్రెంచి పుస్తకాల అవసరం చాలా కాలం తీరలేదు.

1963 జులై 1న కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం అమలై, గూబర్ మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. నెట్టపాక్కంలో జెండా ఎగరేసిన తొమ్మిదేళ్ళకు ఆయనకు నిజమైన మంత్రివర్గం దక్కింది. అది 14 నెలలే నిలిచింది. ఒకప్పుడు ప్రాణం కాపాడిన ముక్కల పటమే ఇప్పుడు భారమైంది: కారైకాల్ తంజావూరు డెల్టాలో, మాహే మలబారులో, యానాం గోదావరి జిల్లాలో ఉంటే, ఒకే బడ్జెట్టు, ఒకే పోలీసు శాఖతో అన్నిటినీ నడపాలి. సొంత పార్టీ అయిన కాంగ్రెసులో వర్గపోరు దీనికి తోడైంది. 1964 ఆగస్టు ఎన్నికల్లో 30 స్థానాల శాసనసభలో కాంగ్రెసు నెగ్గింది గాని, సెప్టెంబరులో పదవి మడుకరైకి చెందిన వెంకటసుబ్బ రెడ్డియార్‌కు దక్కింది. భాష సంగతి ఆయన హయాంలో తేలింది. 1965 అధికార భాషా చట్టం తమిళానికి, ఆంగ్లానికి చోటిచ్చి, మాహేలో మలయాళాన్ని, యానాంలో తెలుగును పాలనా వ్యవహారాలకు గుర్తించింది.