పాత జీపు పికప్, మేస్త్రి సుత్తి

ముండ్లమూరు, దర్శి వైపు ఎవరింట్లోనైనా తాతల నాటి జీపు తుప్పుపట్టి ఉంటే, పాత ఇనుముకి వేసేముందు ఈ ఎపిసోడ్ వినండి.

1945లో రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. అమెరికాలో జీపులు చేసిన విల్లీస్ కంపెనీకి కారు బాడీలు నొక్కే పెద్ద ప్రెస్సులు దొరకలేదు. అందుకే డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్, ఇంటి సామాన్లు చేసే ఫ్యాక్టరీలు కూడా నొక్కగలిగేలా లోతు తక్కువ రేకులతో బండి గీశాడు. 1946లో స్టేషన్ వ్యాగన్, 1947లో అదే ముఖంతో పికప్ వచ్చాయి. ఆ 1947లోనే మన దేశంలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు.

ఆ సాదా రేకే ఇప్పుడు మనకి వరం. స్పేర్ దొరక్కపోయినా టింకరింగ్ మేస్త్రి చేత్తో చేసేస్తాడు. ముందు అట్టముక్కతో కొలత, దాని ప్రకారం రేకు కత్తిరింపు, ఇసుక సంచి మీద సుత్తితో వంపు. వెల్డింగ్ ఒకే గీతగా లాగితే వేడికి రేకు వంకర తిరుగుతుంది. అందుకే దూరదూరంగా చుక్కలు పెడతారు. లారీ బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్ పేరు తెచ్చుకుంది ఇలాంటి చేతిపనితోనే.

కానీ ఒక మెలిక ఉంది. 2021 కేంద్ర రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత బండికి 'వీఏ' వింటేజ్ నంబరు ఇస్తారు. అదీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటేనే. పైగా రోజూ తిప్పడానికి, కిరాయికి అది పనికిరాదు. తుప్పు తీసి అదే ఆకారంలో రేకు వేయడం వేరు, స్టైల్ కోసం ఛాసిస్ కోసేయడం వేరు. కోశాక పాత బండి తిరిగి రాదు.

కాబట్టి ముందు ఆర్‌సీ వెతకండి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి. సుత్తి ఆ తర్వాతే.