ఉష్ణమండల అడవుల అధ్యయనం: ఉపాధ్యాయుల క్షేత్రయాత్రా శిక్షణలు

కర్కటరేఖకు, మకరరేఖకు నడుమనున్న భూభాగమే ఉష్ణమండలం. ఈ మండలపు అడవులు అనగానే పాఠ్యపుస్తకాల పుణ్యమా అని అమెజాన్ వంటి సతతహరితారణ్యాలే మనసులో మెదలుతాయి. వాస్తవానికి ఏడాదిలో కొన్ని నెలలు ఆకు రాల్చి, ప్రాణం లేనట్లు కనిపించే అడవులు కూడా ఉష్ణమండల అడవులే. చిత్తూరు, వెల్లూరు, కోలారు జిల్లాల సరిహద్దు కొండలపై ఉన్నవి ఈ కోవకు చెందినవే. ఈ సంగతి పుస్తకం చదివి తెలుసుకోవడం ఒక ఎత్తు, అడవిలో నిలబడి గ్రహించడం మరొక ఎత్తు. ఉపాధ్యాయుల కోసం క్షేత్రయాత్రా శిక్షణలు ఏర్పడటానికి మూలకారణం ఇదే.

ఇట్టి శిక్షణలకు పేరెన్నికగన్న దేశం మధ్య అమెరికాలోని కోస్టారికా. వైశాల్యంలో అది నేటి ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కన్నా తక్కువ. అయినప్పటికీ వానకారడవి, మేఘాలు కమ్మిన కొండ అడవి, ఆకురాల్చే పొడి అడవి అన్నీ అక్కడ ఒకటి రెండు రోజుల ప్రయాణంలో చూడవచ్చు. అమెరికా, కోస్టారికా విశ్వవిద్యాలయాలు కలిసి 1963లో ఉష్ణమండల అధ్యయనాల కోసం అక్కడ ఒక సంస్థను స్థాపించాయి. 1968లో లా సెల్వా అనే చోట అడవిని కొని, ఆ సంస్థ పరిశోధన కేంద్రం నెలకొల్పింది. అక్కడ సాలీనా కురిసే వాన దాదాపు 4,000 మిల్లీమీటర్లు, అనగా అనంతపురం ప్రాంతపు వానకు సుమారు ఏడు రెట్లు. మొదట పరిశోధక విద్యార్థుల కోసం రూపొందిన ఈ బోధనాపద్ధతి తర్వాతి కాలంలో పాఠశాల ఉపాధ్యాయులకూ అందింది. వేసవి సెలవులలో వారం నుండి మూడు వారాల పాటు సాగే ఇట్టి యాత్రలను ఇప్పుడు పలు విశ్వవిద్యాలయాలు నిర్వహిస్తున్నాయి.

ఈ శిక్షణలలో ఉపన్యాసాలు తక్కువ. తొలిరోజు అడవిలో నడక. కంటబడిన వింతలలో ఒకదానిని ఎంచుకొని, కొలవడానికి వీలైన ప్రశ్నగా మార్చుకోవాలి. మరునాడు గుంపులుగా చీలి తాడు, కొలబద్ద, నోటుపుస్తకం పట్టుకొని కొలతలు తీయాలి. రాత్రి అందరి ఎదుట ఫలితం చెప్పి, తోటివారి ఆక్షేపణలకు జవాబివ్వాలి. పాతికేళ్ల అనుభవమున్న మాస్టారైనా సరే, "ఎన్ని చెట్లు చూసి ఈ మాట అంటున్నారు?" అన్న ప్రశ్న దగ్గర తడబడక తప్పదు. ఈ భాగం లేని యాత్ర, ఎంత దూరం వెళ్లినా, విహారయాత్రే.

ఒక ఉదాహరణ. ఉష్ణమండల అడవిలో ఇన్ని జాతుల చెట్లు కలగలిసి ఎందుకుంటాయి? డేనియల్ జాన్జెన్ 1970లోను, జోసెఫ్ కానెల్ 1971లోను విడివిడిగా ఒక సమాధానం సూచించారు. ఒక జాతిని పట్టి పీడించే పురుగులు, తెగుళ్లు తల్లిచెట్టు పరిసరాలలోనే పేరుకొని ఉంటాయి. అందువల్ల చెట్టు కిందనే మొలిచిన పిల్లమొక్కలు ఎక్కువగా చనిపోతాయి, దూరాన పడినవి బతుకుతాయి. తల్లి పక్కన ఖాళీ అయిన చోట వేరొక జాతి నిలదొక్కుకుంటుంది. ఇది అన్ని జాతులకూ ఒకే తీరున వర్తించదు. ఉపాధ్యాయులు చెట్టు మొదలు నుండి దూరదూరంగా పిల్లమొక్కలను లెక్కించి, ఆ చెట్టు విషయంలో ఈ ఊహ నిలుస్తుందో లేదో తామే తేల్చుకుంటారు.

సరిహద్దు గ్రామాలవారికి మిక్కిలి చేరువగా తోచేది కోస్టారికా వాయవ్య భాగంలోని గ్వానకాస్తె పొడి అడవి. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు అక్కడ వాన ఉండదు, ఆకు ఉండదు. మన రోడ్ల పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరు అక్కడి అడవులలో సహజంగా పెరిగే చెట్టు. సీమచింత పుట్టినిల్లు కూడా ఆ ప్రాంతాలే. తమిళులు నిద్రగన్నేరును తూంగుమూంజి మరమని, కన్నడిగులు మళెమరమని అంటారు. రాత్రివేళ ఆకు ముడుచుకోవడాన్ని తెలుగువారు, తమిళులు పేరులోనే పెట్టుకున్నారు. రెండు భాషలు మాట్లాడే ఇళ్లలోని పిల్లలకు ఈ పాఠం సగం ముందే తెలిసి ఉంటుంది. ఇటువంటి చెట్ల తియ్యని కాయలను ఒకప్పుడు తిని గింజలు వెదజల్లిన భారీ జంతువులు సుమారు పదివేల ఏళ్ల కిందట అంతరించాయని, ఆ పనిని తర్వాత గుర్రాలు, పశువులు కొంతవరకు చేపట్టాయని జాన్జెన్, పాల్ మార్టిన్ 1982లో ప్రతిపాదించారు. నిద్రగన్నేరు కాయలు ఏరుకు తినే మన ఊరి ఆవులు కూడా ఆ పనే చేస్తున్నాయి.

అక్కడి తుమ్మజాతి చెట్టు ఒకదానికి ఎద్దుకొమ్ముల వంటి బోలుముళ్లు ఉంటాయి. వాటిలో చీమలు కాపురముంటాయి. చెట్టు వాటికి తేనె వంటి రసాన్ని, ఆకుకొనల వద్ద పోషకాల గుళికలను ఇస్తుంది. చీమలు పురుగులను తరిమి, పైకి పాకే తీగలను కొరికివేస్తాయి. చీమలను తొలగిస్తే చెట్టు కుంగిపోతుందని జాన్జెన్ 1960లలో ప్రయోగాలతో చూపారు. మన నల్లతుమ్మకు ముళ్లున్నా ఈ కాపలా లేదు. ఎందుకు లేదన్నది తరగతిలో వేయదగిన ప్రశ్న.

గ్వానకాస్తెలో పచ్చిక బయళ్ల కోసం ఆఫ్రికా గడ్డిని తెచ్చి పెంచారు. ఏటా ఎండాకాలపు నిప్పుకు ఆ గడ్డి మండి, అడవి అంచులు కరిగిపోయాయి. 1980ల మధ్య నుండి నిప్పును అదుపు చేయగానే గాలి, పక్షులు, జంతువులు తెచ్చిన గింజలతో అడవి తిరిగి రాసాగింది. ఆ కాపలాలో పెక్కుమంది స్థానికులే. చుట్టుపక్కల పాఠశాలల 4, 5, 6 తరగతుల పిల్లలను అడవికి తీసుకొనిపోయి జీవశాస్త్రం బోధించే ఏర్పాటు కూడా జరిగింది. ఈ అడవి ప్రాంతం 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

విమానమెక్కి పోవడం అందరికీ సాధ్యం కాదు, అవసరమూ కాదు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దున ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1988లో 50 హెక్టార్ల పొడి అడవిని గుర్తించి, ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండానికీ సంఖ్య వేసి కొలుస్తూ వచ్చారు. ఏనుగులు, నిప్పు, కరవు అడవిని ఎలా మారుస్తాయో ఆ లెక్కల వలన తెలుస్తున్నది. యానాం వారికి కోరంగి మడ అడవులు కూతవేటు దూరమే. పోటు, పాటు వేళలలో అక్కడి శ్వాసవేళ్లను చూపిస్తే చాలు, పిల్లలు ప్రశ్నలు తామే వేస్తారు.

అభయారణ్యంలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి తప్పదు. పిల్లలను పంపే తల్లిదండ్రులు ఆ కాగితం ఉన్నదో లేదో అడగాలి. నీళ్లు, కాళ్లకు చెప్పులు, వెంట ఊరి మేకలకాపరి వంటి తోవ తెలిసిన పెద్ద మనిషి ఉన్నారో లేదో కూడా కనుక్కోవాలి. చెట్ల పేర్లు అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆ కాపరికే కావచ్చు.

ఊరి పొలిమేర దాటకుండా చేయదగినదీ ఒకటున్నది. ఒంటరిగా ఉన్న వేపచెట్టును ఎంచుకొని, మొదలు నుండి 20 మీటర్ల తాడు లాగి, అయిదేసి మీటర్లకు ఒక చదరపు మీటరు గీసి, అందులోని వేప మొలకలను లెక్కించాలి. పళ్లు రాలిన తర్వాత, ఆషాఢపు వానలకు మొలకలు లేచినప్పుడు తొలి లెక్క. దసరా సెలవులకు ముందు, అవే గళ్లలో, రెండవ లెక్క.