డబ్బెవరిది, గుమ్మం ఎవరిది?

నెల్లూరులో పాత కట్టడాలు చూపించమని ఎవరైనా అడిగితే నేను ముందు నీళ్ల దగ్గరికి తీసుకుపోతాను. కాలవల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. కాపురం కొడవలూరులో. ఎక్కడికెళ్లినా గోపురం కంటే ముందు తూము కనపడటం మా ఉద్యోగంతో వచ్చిన జబ్బు. నెల్లూరు విషయంలో మాత్రం ఆ జబ్బు పనికొస్తుంది. ఇక్కడి పాత భవనాల్లో చాలావాటి వెనక వడ్లమ్మిన డబ్బుంది.

గైడు అక్కర్లేదు. పొద్దున్నే మా ఊళ్లో బస్సెక్కి, కోవూరు దాటి, పెన్న వంతెన మీదుగా టౌన్లోకి వస్తే చాలు. దారి పొడుగునా రెండే ప్రశ్నలు వేసుకోండి. దీనికి డబ్బు ఎక్కడిది? దీని గుమ్మం ఎవరికి తెరుచుకుంది?

పెన్న ఏడాదంతా పారే నది కాదు. వరదొస్తే నాలుగు రోజులు ఉరుకుతుంది, తర్వాత ఇసకే. ఆ నాలుగు రోజుల నీళ్లను కాలవల్లోకి ఎక్కించడానికి 1855లో నెల్లూరు దగ్గర ఆనకట్ట కట్టారు. ఆనకట్ట అంటే డ్యాం అనుకుంటారు చాలామంది. డ్యాం నీళ్లను దాస్తుంది, ఆనకట్ట నీళ్లను ఎత్తుతుంది. ఏటికి అడ్డంగా రాతిగోడ ఉంటే నీటిమట్టం పెరిగి, పక్కన తూముల్లోకి నీళ్లు తమంతట తామే ఎక్కుతాయి. మిగిలింది గోడ మీద నుంచి పొర్లిపోతుంది. దీనివల్ల బాగుపడింది నదికి దక్షిణం వైపు, సర్వేపల్లి దాకా. ఉత్తరాన ఉన్న మా కోవూరు తాలూకాకి 1886లో సంగం ఆనకట్ట వచ్చాక కనిగిరి రిజర్వాయరు నుంచి నీళ్లు దక్కాయి. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు మార్గం పూర్తయింది. అది మా కొడవలూరు మీదుగానే పోతుంది. నీళ్లొచ్చాయి, రైలొచ్చింది. మా నెల్లూరు వరి మొలకొలుకుల బియ్యానికి మద్రాసు దగ్గరైంది. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు రెండు చోట్లా గేట్లున్న కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి.

వంతెన దిగగానే రంగనాయకులపేట. తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే ఉంది. తిక్కన కాలానికి, అంటే 13వ శతాబ్దానికి, ఈ ఊరు మనుమసిద్ధి రాజధాని. అదే శతాబ్దంలో పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు నెల్లూరు గెలిచి ఇక్కడ వీరాభిషేకం చేయించుకున్నాడు. గుడి ముందు తలెత్తి చూడాల్సిన గాలిగోపురం మాత్రం రాజులది కాదు. 19వ శతాబ్దంలో యెరగుడిపాటి వెంకటాచలం పంతులు కట్టించారు. రాజ్యాలు పోయాక గోపురాలు ఎత్తే పని ఊరి పెద్దల చేతికొచ్చిందని ఇక్కడ తెలుస్తుంది.

మూలాపేటలో వేణుగోపాలస్వామి గుడి దగ్గర రెండో ప్రశ్న వేయండి. దళితులకు ఈ గుళ్లోకి ప్రవేశం ఉండేది కాదు. 1946 మార్చిలో పొట్టి శ్రీరాములు దానికోసం నిరాహారదీక్షకు కూర్చున్నారు. గుమ్మం తెరుచుకుంది. ఆయన్ని అందరూ ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన 1952 మద్రాసు దీక్షతోనే గుర్తుపెట్టుకున్నారు. జిల్లాకు పేరొచ్చింది కూడా దానివల్లే. నన్నడిగితే మూలాపేట దీక్ష తక్కువదేమీ కాదు. మద్రాసులో ఆయన అడిగింది ప్రభుత్వాన్ని. ఇక్కడ అడిగింది ఇరుగుపొరుగుని. ప్రభుత్వాన్ని అడగడమే సులువు.

అక్కణ్ణుంచి ట్రంకు రోడ్డెక్కి గాంధీబొమ్మ మీదుగా వీఆర్సీ సెంటరుకి నడవండి. 1875లో మొదలైన హైస్కూలు, 1920లో దానికి తోడైన కాలేజీ, రెండూ వెంకటగిరి రాజా పేరు మీదివే. జమీందారీ శిస్తు సొమ్ము చదువుగా మారిన చోటు ఇది. ఆ శిస్తు కట్టిన రైతుల పక్షాన, వెంకటగిరి జమీందారీ మీద పోరాడిన 'జమీన్ రైతు' పత్రిక కూడా ఇదే నెల్లూరు నుంచి వచ్చింది. దాన్ని నడిపినవారు నెల్లూరు వెంకట్రామానాయుడు. రాజా బడి, రాజాని తిట్టే పత్రిక ఒకే ఊళ్లో బతికాయి. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చదివింది ఈ స్కూల్లోనే, ఈ కాలేజీలోనే. ఆ స్కూలు కొన్నేళ్లు మూతబడి, మళ్లీ 2025 జులైలో మునిసిపల్ స్కూలుగా తెరుచుకుంది. పాత భవనానికి ఇంతకంటే మంచి మరమ్మతు నాకు తెలీదు.

ఆ దాపునే రేబాల లక్ష్మీనరసారెడ్డి టౌన్ హాలు. రేబాల వారు మా వైపు భూస్వాములు. సభలకీ నాటకాలకీ ఊరికి ఒక హాలు ఉండాలని వాళ్లకి తోచడం విశేషం. భూములున్న ఇంట్లోంచే పొణకా కనకమ్మ కూడా వచ్చారు. ఆమె పల్లిపాడులో ఇచ్చిన భూమి మీద లేచిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించారు. 1923లో ఆడపిల్లల చదువుకని ఆమె కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేసిందీ గాంధీగారే. టౌన్ హాలు చూశాక కస్తూరిదేవి దాకా తప్పకుండా వెళ్లండి.

చివరికి దర్గామిట్ట. బారాషహీద్ దర్గా, పక్కనే నెల్లూరు చెరువు. మొహర్రం రోజుల్లో రొట్టెల పండగప్పుడు జనం ఆ నీళ్లలో దిగి నిలబడతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఎవరికి కావాల్సింది వాళ్లు అడిగి పుచ్చుకుంటారు. నిరుడు మొక్కుకున్నది నెరవేరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు. ఇచ్చేవాడి మతం పుచ్చుకునేవాడు అడగడు. నా రెండో ప్రశ్నకి ఇక్కడ పనే లేదు.

ఇంత నడిచినా మీకు నేను చెప్పిన సంగతులు ఒక్క చోట వరసగా రాసి కనపడవు. కార్పొరేషన్ వారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి కట్టడం దగ్గరా ఒక చిన్న రాతిపలక పెట్టించండి. కట్టిన సంవత్సరం, డబ్బిచ్చినవాళ్ల పేరు, గుమ్మం తెరిపించడానికి ఎవరైనా కష్టపడి ఉంటే వాళ్ల పేరు రాయించండి. మూలాపేటతో మొదలుపెట్టండి.