ఇంటిపేరు మారిన గొంతు

నా డాక్టరేట్ పట్టా మీద పుట్టింటి ఇంటిపేరుంది, రేషన్ కార్డు మీద అత్తింటిది. అందుకేనేమో, క్రిస్టీన్ మెక్‌వీ పాటలకంటే ముందు ఆమె సొంత ఆల్బమ్‌ల అట్టలే నన్ను ఆపేశాయి.

1970లో వచ్చిన మొదటిది ‘క్రిస్టీన్ పర్‌ఫెక్ట్’. అది తండ్రి ఇంటిపేరు. 1984 నాటి రెండోది ‘క్రిస్టీన్ మెక్‌వీ’. అప్పటికి జాన్ మెక్‌వీతో విడాకులై ఏళ్లు గడిచాయి. అతను మాత్రం ఫ్లీట్‌వుడ్ మాక్ బృందంలో బేస్ గిటార్‌తో పక్కనే ఉన్నాడు. ‘రూమర్స్’ (1977)తో కోట్లమందికి చేరిన పేరు మెక్‌వీయే. వదులుకుంటే శ్రోతల్నీ వదులుకోవాలి కదా!

ఆ ఆల్బమ్‌లోని ఒక పాట అమెరికాలో 10వ స్థానం దాకా వెళ్లింది. తర్వాత ఇరవయ్యేళ్ల మౌనం. 1998లో బృందాన్ని వదిలి కెంట్‌లో స్థిరపడి, మేనల్లుడి తోడుతో ‘ఇన్ ద మీన్‌టైమ్’ (2004) చేసింది. విమానమంటే భయం, కచేరీలకు కదల్లేదు; ఆల్బమూ అమ్ముడుపోలేదు. దీన్ని వైఫల్యమనడానికి నాకు మనసొప్పదు. బృందంలో నలుగురి మధ్య మెరిసే ఆ నింపాది గొంతుకు, ఒంటరిగా తనను తాను అమ్ముకోవడం చేతకాలేదు, అంతే.

2014లో బృందంలోకి తిరిగొచ్చింది. 2022 నవంబర్ 30న చనిపోయింది. 1986లో చేసుకున్న రెండో పెళ్లి ఇంటిపేరు ఏ అట్ట మీదికీ ఎక్కలేదు.