డెల్టా నుండి దోఆబ్‌కు: తుంగభద్ర ఆయకట్టు తెలుగు క్యాంపులలో వాతావరణం, నిత్యజీవనం

వ్యాససంగ్రహం

తుంగభద్ర జలాశయం పూర్తయిన తరువాత గోదావరి, కృష్ణా డెల్టా ప్రాంతాల రైతు కుటుంబాలు నేటి కర్ణాటకలోని రాయచూరు, కొప్పళ, బళ్ళారి జిల్లాలకు తరలివెళ్ళాయి. కాలువల వెంట వారు ఏర్పరచుకున్న ఆవాసాలను ఇప్పటికీ ‘క్యాంపు’లనే పిలుస్తున్నారు. వారు విడిచివచ్చిన నేల వాతావరణానికీ, చేరుకున్న నేల వాతావరణానికీ గల తేడాను, ఆ తేడా ఇల్లు, తిండి, వ్యవసాయం, భాష అనే నాలుగు రంగాలలో కనిపించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వలస రైతులు కొత్త వాతావరణానికి అలవాటుపడ్డారన్న సాధారణ అభిప్రాయం సగం మాత్రమే సత్యమనీ, తమకు అలవాటైన మాగాణి జీవనాన్ని వారు అక్కడ తిరిగి నిర్మించుకున్నారనీ, ఆ నిర్మాణానికి మూల్యం చెల్లించినవారిని కూడా చరిత్ర లెక్కలోకి తీసుకోవాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వలస, తుంగభద్ర, రాయచూరు దోఆబ్, క్యాంపు, మాగాణి, ఆరుతడి, నిత్యజీవనం.

1. ఉపోద్ఘాతం

ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి వెళ్ళిన తెలుగువాడు మొదట పోల్చి చూసేది నీటినీ, తిండినీ. ఈ పోలికకు మన సాహిత్యంలో పాత సాక్ష్యాలే ఉన్నాయి. పదిహేనవ శతాబ్దపు శ్రీనాథుని పేరుమీద ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూటిపై విసుగు కనిపిస్తుంది. కర్ణాట రాజదర్శనం కోసం కవి వేషాన్నీ, ఆహారాన్నీ మార్చుకోవలసి వచ్చిన ఇబ్బంది మరొక చాటువుకు వస్తువైంది. ఈ పద్యాల కర్తృత్వాన్ని గురించి చర్చ ఉండవచ్చు. అయితే వరి అన్నానికి అలవాటుపడిన నోరు మెట్టప్రాంతపు తిండిని ఎలా చూసిందో అవి నిస్సందేహంగా చెబుతున్నాయి.

శ్రీనాథుడు అతిథిగా వెళ్ళాడు, తిరిగివచ్చాడు. ఇరవయ్యవ శతాబ్దపు డెల్టా రైతు భూమి కొని స్థిరపడ్డాడు. అతని పోలిక పద్యంగా మారలేదు; కట్టిన ఇంటిలో, వేసిన పంటలో, పెంచిన పిల్లల భాషలో మిగిలింది. అందువల్ల దానిని చదవడానికి సాహిత్య ఆధారాలతో పాటు నిత్యజీవన చరిత్ర కూడా అవసరమవుతుంది.

2. చారిత్రక నేపథ్యం

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమనున్న రాయచూరు దోఆబ్ బహమనీ, విజయనగర రాజ్యాల మధ్య శతాబ్దాలపాటు పోరాటభూమిగా నిలిచింది. 1520లో కృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానును ఓడించినది రాయచూరు వద్దనే. రాజుల దృష్టి పడిన ఈ నేల మీద మేఘాల దృష్టి మాత్రం తక్కువ. 1876-78 నాటి మహాక్షామంలో తుంగభద్రకు దక్షిణాన ఉన్న బళ్ళారి జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. ఈ ప్రాంతానికి నది నీరు మళ్ళించాలన్న ఆలోచనకు ఇటువంటి కరువులే ప్రేరణ.

1945లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు ఉమ్మడిగా తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన చేశాయి. 1953లో కాలువలకు నీరు వదిలారు. సుమారు 227 కిలోమీటర్ల పొడవైన ఎడమగట్టు కాలువ గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల మీదుగా రాయచూరు వైపు సాగుతుంది.

డెల్టా పరిస్థితి దీనికి భిన్నం. 1852 నాటికి ధవళేశ్వరం వద్ద, 1855 నాటికి విజయవాడ వద్ద ఆనకట్టలు పూర్తయ్యాయి. వంద సంవత్సరాల మాగాణి సేద్యం రైతుకు మిగులునిచ్చింది, భూమి ధరను పెంచింది, వారసుల మధ్య కమతాలను చిన్నవి చేసింది. డెల్టాలో కొద్దిపాటి పొలం అమ్మితే దోఆబ్‌లో దానికి అనేక రెట్ల విస్తీర్ణం దొరికే పరిస్థితి ఏర్పడింది. ఈ వలసకు ప్రధాన కారణం కరువు కాదు. నీటి విలువ తెలిసిన రైతు నీరు కొత్తగా వచ్చిన చోటికి వెళ్ళాడు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టులోనూ, బోధన్, వర్ని ప్రాంతాలలో, ఇటువంటి వలసే అంతకుముందు జరిగింది.

3. కదిలిన సరిహద్దులు

‘పరాయి రాష్ట్రానికి వలస’ అన్న మాటను ఈ సందర్భంలో జాగ్రత్తగా వాడాలి. 1954లో పశ్చిమగోదావరి జిల్లా నుండి సింధనూరుకు వెళ్ళిన కుటుంబం ఆంధ్రరాష్ట్రం నుండి హైదరాబాదు రాష్ట్రానికి వెళ్ళింది. 1956 నవంబరు 1న అదే కుటుంబం, ఇల్లు కదలకుండానే, మైసూరు రాష్ట్రంలోకి చేరింది. 1973 నవంబరు 1న ఆ రాష్ట్రం కర్ణాటక అయింది. బళ్ళారి వైపు చేరినవారి అనుభవం ఇంకొక రకమైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. అంతకుముందే బళ్ళారి చేరిన రైతు మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు మారినవాడే. ఆ తరువాత రాష్ట్రం అతని మీదుగా మారింది.

‘క్యాంపు’ అన్న పేరును కూడా ఈ దృష్టితోనే చూడాలి. పాత గ్రామాలకు దూరంగా, కొన్న పొలాల పక్కనే, గుడిసెలతో మొదలైన తాత్కాలిక విడిదికి ఈ పేరు సహజమే. గంగావతి సమీపంలోని శ్రీరామనగర్ వంటి ఆవాసాలు నేడు రైసుమిల్లులతో, బడులతో, గుళ్ళతో చిన్న పట్టణాలను తలపిస్తున్నాయి. సింధనూరు పరిసరాలలో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన బెంగాలీ శరణార్థుల కోసం ప్రభుత్వం ఏర్పరచిన పునరావాస శిబిరాలనూ క్యాంపులనే అంటారు. తెలుగు రైతును ఎవరూ తరిమివేయలేదు, అతడు భూమి కొనుక్కొని వచ్చాడు. అయినా మూడు తరాల తరువాత కూడా అతని ఊరు పేరులో విడిది వాసన పోలేదు. స్థానికుల వ్యవహారంలోనూ, వలసవచ్చినవారి వ్యవహారంలోనూ ఆ పేరు నిలిచిపోవడం ఇరువైపులా మిగిలిన దూరానికి ఒక గుర్తు.

4. రెండు వాతావరణాలు: ఇల్లు, తిండి

డెల్టా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఏడాదికి 1000 మి.మీ.కు పైగా వర్షం. నైరుతి వెళ్ళిన తరువాత కూడా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు వానలు తెస్తాయి. గాలిలో తేమ ఎక్కువ కావడంతో వేసవిలో ఉక్కపోత. రాయచూరు దాదాపు 400 మీటర్ల ఎత్తులోని పీఠభూమి. సగటు వర్షపాతం సుమారు 600 మి.మీ. మాత్రమే. వేసవిలో ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది, అయితే అది పొడి వేడి. డెల్టాలో చెమట ఆరదు. దోఆబ్‌లో చెమట పట్టినట్లు తెలిసేలోపే ఆరిపోతుంది. రేగడి నేల వానకు ఉబ్బి కాలికి అంటుకుంటుంది, ఎండకు బీటలు వారుతుంది.

ఈ తేడా మొదట ఇంటికప్పులో కనబడుతుంది. కుండపోత వానలకు నీరు వెంటనే జారిపోయేలా డెల్టాలో ఏటవాలుగా తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు కట్టారు. దోఆబ్ పాత గ్రామాలలో మందపాటి గోడలు, చదునైన మట్టిమిద్దెలు కనిపిస్తాయి. తక్కువ వానకు మట్టికప్పు తట్టుకుంటుంది, పగటి వేడిని లోపలికి రానీయదు, వేసవి రాత్రి పడకకు పనికివస్తుంది. డెల్టా రైతు మొదట తనకు తెలిసిన పద్ధతిలోనే గుడిసె వేసుకున్నాడు. మిద్దె కట్టడం నేర్చుకునేలోపే సిమెంటు డాబా వచ్చింది. అది ఏ వాతావరణానికీ ప్రత్యేకంగా పుట్టినది కాకపోవడం వల్ల రెండుచోట్లా ఒకే తీరున నిలిచింది.

తిండిలో తేడా ఇంకా లోతైనది. దోఆబ్ ప్రధానాహారం జొన్నరొట్టె. చేతితో తట్టి కాల్చిన పల్చటి రొట్టెను ఆరబెడితే ‘ఖడక్ రొట్టె’ అవుతుంది. పొడిగాలిలో చాలా రోజులు నిలవ ఉంటుంది. పొలానికి, ప్రయాణానికి అదే సద్ది. తోడుగా వేరుశెనగ పొడి, గుత్తివంకాయ. తేమగాలి వీచే డెల్టాలో అటువంటి రొట్టె త్వరగా మెత్తబడిపోతుంది. కాబట్టి దానిని పేదరికానికి గుర్తుగా చూడటం సరికాదు. అది ఆ గాలికి తగిన వంట. వరి అన్నమే నాగరికమనీ, జొన్నకూడు లేమి అనీ భావించే దృష్టి శ్రీనాథుని చాటువుల నాటి నుండి తీరాంధ్ర మాగాణి సంస్కృతిలో ఉన్నది. వలస వెళ్ళినవారి వెంట ఆ దృష్టి కూడా వెళ్ళింది.

5. వ్యవసాయ పంచాంగం

డెల్టా రైతు సంవత్సరాన్ని సార్వా, దాళ్వాలుగా లెక్కిస్తాడు. దోఆబ్ రైతు ముంగారు, హింగారులుగా లెక్కిస్తాడు. మొదటి విభజనకు ఆధారం కాలువ, రెండవదానికి ఆధారం వాన. హింగారు జొన్నను వర్షాకాలం చివర విత్తి, రేగడి తనలో దాచుకున్న తేమతోనే పండిస్తారు. ఇది నీరు పెట్టని వ్యవసాయం, కానీ నీటి జ్ఞానం లేని వ్యవసాయం కాదు.

భయాలు కూడా తారుమారయ్యాయి. డెల్టాలో కార్తీకమాసపు తుఫాను కోతకు వచ్చిన చేనును నేల కరిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది మరణించారు. అక్కడ మురుగు పోవడం సమస్య. దోఆబ్‌లో ఉప్పెన భయం లేదు, పొడి వాతావరణంలో కోత, నూర్పిడి సుఖంగా సాగుతాయి. నీరు చేరడమే సమస్య. తన ఊరిలో మేఘం పట్టకపోయినా ఆయకట్టు రైతు పడమటి కనుమల్లోని మలెనాడు వానల కబురు కోసం ఎదురుచూస్తాడు.

పండుగలలో మాత్రం పోలికలు ఆశ్చర్యం కలిగిస్తాయి. జ్యేష్ఠ పూర్ణిమనాడు తెలుగు రైతుకు ఏరువాక పున్నమి. అదే రోజు ఉత్తర కర్ణాటక రైతుకు కార హుణ్ణిమె. రెండూ ఎద్దులను అలంకరించి పూజించే పండుగలే. ఎళ్ళ అమావాస్యనాడు పొలానికి వెళ్ళి రొట్టెలతో వనభోజనం చేసే కన్నడ ఆచారం పూర్తిగా హింగారు పైరుకు చెందినది. వరిచేలు విస్తరించిన చోట ఆ పండుగకు ఆధారమైన జొన్నచేనే తగ్గిపోయింది.

6. నిర్మించుకున్న మాగాణి, దాని మూల్యం

తుంగభద్ర ఎడమ కాలువను ప్రధానంగా కరువు నివారణ కోసం రూపొందించారు. తక్కువ నీటిని ఎక్కువ భూమికి పంచి, అధికభాగంలో ఆరుతడి పంటలు పండించాలన్నది ప్రణాళిక. డెల్టా రైతుకు తెలిసిన సేద్యం వరి. నేలను చదును చేయడం, గట్లు వేయడం, నారు పోసి నాటడం అతని నైపుణ్యాలు. కాలువ ఎగువభాగంలో ఆరుతడికి నిర్దేశించిన భూములలో సైతం వరి విస్తరించింది. లాభం చూసిన స్థానిక రైతులూ ఆ దారి పట్టారు. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబమసూరి వంటి సన్నరకాలు వచ్చాక గంగావతి కర్ణాటకకు అన్నపాత్రగా పేరుపొందింది.

ఎగువన నిలిచిన నీరు దిగువకు చేరదు. కాలువ చివరి భూములకు, ముఖ్యంగా రాయచూరు వైపు ఆయకట్టుకు, రావలసిన వంతు తరచు అందలేదు. ఎగువ పొలాలలో కొన్నిచోట్ల నీరు ఊరి చవుడు తేలింది. పీటర్ మొల్లింగా 2003లో వెలువరించిన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ గ్రంథం ఈ కాలువపై నీటి పంపిణీ సామాజిక, రాజకీయ బలాలతో ఎలా ముడిపడి ఉందో వివరంగా చూపింది.

బీడును బంగారం చేశామన్నది క్యాంపుల కథనం. అందులోని శ్రమ నిజం. అయితే ఆ నేల బీడు కాదు. జొన్న, పత్తి, శెనగ పండిన మెట్ట. చవకగా భూమి అమ్ముకున్న రైతు, నాట్లకు కూలిగా మారిన అతని కుటుంబం, కాలువ చివర ఎండిన చేను కూడా ఆ కథలో భాగమే. స్థానికులు నష్టపోయారని మాత్రమే చెప్పడమూ అసంపూర్ణమే. కొత్త పని, కొత్త మార్కెట్టు, కొత్త నైపుణ్యం వారికీ అందాయి. ఈ రెండు కథనాలనూ ఒకేచోట నిలిపి చదవవలసి ఉంది.

7. భాష

డెల్టాలో ఎకరాకు వంద సెంట్లు. ఇక్కడ ఎకరాకు నలభై గుంటలు. ఇంట్లో సెంట్లతో ఆలోచించి, కార్యాలయంలో గుంటలతో రాయించుకున్న తరం అది. తరువాతి తరాలు కన్నడ బడిలో చదువుకొని, కన్నడంలో రాసి, ఇంట తెలుగు మాట్లాడాయి. రెండు లిపులూ దగ్గరివి కావడం వల్ల తెలుగు చదవడం కష్టం కాకపోవచ్చు, కానీ చదవవలసిన అవసరమే తగ్గింది. అంతకుముందు నుండీ ఈ ప్రాంతంలో ఉన్న తెలుగువారి భాష వేరు, డెల్టా నుండి వచ్చినవారి భాష వేరు. రెండింటి మీదా కన్నడ ప్రభావం వేరువేరుగా పడింది. ఈ మాండలికం అటు ఆంధ్ర మాండలిక పరిశోధనలోనూ, ఇటు కన్నడ ప్రాంతీయ అధ్యయనాలలోనూ తగిన చోటు పొందవలసి ఉంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, తుంగభద్ర ఆయకట్టు వలస కరువు వలస కాదు, మాగాణి సంస్కృతి విస్తరణ. రెండు, మిద్దె, ఖడక్ రొట్టె, హింగారు జొన్న వంటివి వెనుకబాటుతనానికి గుర్తులు కావు, పొడి వాతావరణానికి తగిన జ్ఞానరూపాలు. మూడు, వలస రైతు కొన్ని అలవాట్లను మార్చుకున్నా, నీటి విషయంలో తన అలవాటుకు తగినట్లు నేలనే మార్చాడు.

ఈ మూడవ అంశం నేడు మరింత ప్రధానమవుతున్నది. మొదట సుమారు 133 టి.ఎం.సి.లున్న జలాశయ సామర్థ్యం పూడిక వల్ల దాదాపు 105 టి.ఎం.సి.లకు తగ్గింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు అంతా ఆందోళన చెందింది. నీరు తగ్గే కాలంలో ఈ నేలకు ఆరుతడి తెలిసినవారు, జొన్న తెలిసినవారు మళ్ళీ అవసరమవుతారు. ఆ జ్ఞానం ఉన్న వృద్ధ రైతులూ, తొలి వలసను కళ్ళారా చూసిన వృద్ధులూ ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. క్యాంపులలో తెలుగులోనూ, పక్క గ్రామాలలో కన్నడంలోనూ వారి మౌఖిక చరిత్రలను సేకరించడం రెండు భాషల విశ్వవిద్యాలయ శాఖలు కలిసి చేయవలసిన పని. ఒకవైపు గొంతునే నమోదు చేస్తే మనకు మిగిలేది మరొక విజయగాథ లేదా మరొక ఫిర్యాదు మాత్రమే.