పాడే గడియారం మూగబోతే...

గంటకో పాట పాడే గోడ గడియారం మూగబోయిందనుకోండి. ముళ్ళు తిరుగుతున్నాయి కదా అని వదిలేస్తాం, లేదా పారేస్తాం. నాకైతే రెండూ నచ్చవు. ఎందుకో చెప్పాలంటే కాస్త చరిత్ర తవ్వాలి.

1927లో బెల్ ల్యాబ్స్‌లో మారిసన్, హార్టన్ చేసిన మొదటి క్వార్ట్జ్ గడియారం ప్రయోగశాలకే పరిమితం. 1969లో సైకో వాళ్ళ ఆస్ట్రాన్ దాన్ని చేతికెక్కించింది. తర్వాత్తర్వాత స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపించడం అనేది అందరికీ ప్రమాణమైపోయింది. ఆ అంకె చూడగానే మనవాళ్ళకి వెలిగే ఉంటుంది, రెండు టు ది పవర్ పదిహేను! పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకి ఒక పల్స్. ఇలా అంతా ఒక దారికొచ్చేసరికి మిషను చవకైంది. పాడైతే, ఇరుసు పొడవు చూసుకుని కొత్తది బిగించుకోవచ్చు.

పాట సంగతి అలా కాదు. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి యూఎం66 గుర్తుండే ఉంటుంది. చూడ్డానికి ట్రాన్సిస్టరే, లోపల స్వరాల మెమరీ. 1990ల్లో అమెరికాలో వచ్చిన పిట్టల గడియారాలు ఇంకో మెట్టెక్కి, పన్నెండు గంటలకీ పన్నెండు పిట్టల కూతలు వినిపించాయి. చీకటి పడితే లైట్ సెన్సర్ వాటి నోరు మూయించేది. కాబట్టి రాత్రి కూయకపోతే రిపేరని కంగారు పడక్కర్లేదు :)

పగలు కూడా పలక్కపోతే ముందు సెల్లులు చూడండి. చాలావాటిల్లో పాటకి వేరే సెల్లులుంటాయి. ఆల్కలైన్ సెల్లు కారి చిలుము పడితే, దూదికి వెనిగర్ అద్ది తుడిచి ఆరబెట్టండి. తర్వాత మిషను నుంచి పాట బోర్డుకి వెళ్ళే రెండు తీగల్ని ఒక్క క్షణం కలపండి. పాడిందా, బోర్డు బానే ఉన్నట్టు. తప్పు మిషనులోని గంట స్విచ్చిది. గంటగంటకీ సిగ్నలిచ్చే రకం మిషనే తెచ్చి వెయ్యాలి, మామూలుది పనికిరాదు.

అసలు చిక్కు బోర్డు మీది నల్లటి జిగురు బొట్టుతో. చిప్పు దాని కిందే ఉంటుంది, పాట ఫ్యాక్టరీలోనే అందులో అచ్చైపోయి ఉంటుంది. అది పోతే సోర్స్ కోడ్ లేని ప్రోగ్రాం పోయినట్టే. విడిగా అమ్మరు, తిరిగి రాయలేం.

కాలం చెప్పే భాగాన్ని ఎవరైనా బాగుచేసుకునేలా చేసి, జ్ఞాపకం ఉండే భాగాన్ని మాత్రం పూడ్చిపెట్టారు. అందుకే నా మాట వినండి, మీ ఇంట్లో గడియారం ఇంకా పాడుతుంటే ఇవాళే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. బ్యాకప్ తీసుకోమని మనకి ఒకరు చెప్పాలా?